ఎడమ పక్క బెజ్జం

చీకటి గదిలోకి వెళ్తే కనకమ్మకు తాను ఎక్కడున్నదీ కాసేపు మరుపొచ్చేది. ఆ మరుపు ఆమెకు ఇష్టం కూడా. కిటికీకి నల్ల కాగితం, తలుపుకు నల్ల పరదా, లోపల మైక్రోస్కోపు కింద ఒకే ఒక్క నీలి వెలుగు. బయట హైదరాబాదు రాయదుర్గం రోడ్ల మీద తెలంగాణ సమ్మె జెండాలు ఊరేగుతున్నా, పక్క బిల్డింగు కడుతున్న క్రేన్లు మూలుగుతున్నా ఆ గదిలోకి ఏదీ రాదు. అందులో నిలబడితే కాళ్ళ నొప్పులు కూడా ఎవరివో అన్నట్టుంటాయి.

శనివారం మధ్యాహ్నం ఆ గదిలో ముగ్గురున్నారు. మైక్రోస్కోపుకు కళ్ళు ఆనించి సుబ్రహ్మణ్యం, పక్కన నోటు పుస్తకంతో అఖిల, వెనక నిలబడి గాజు పలకలు ఒక్కొక్కటే అందిస్తూ కనకమ్మ. సుబ్రహ్మణ్యం ఆ ప్రయోగశాలకు పెద్ద. కాకినాడ వైపు మనిషి, ఎలుకల చెవుల మీద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నవాడు. అఖిల మదీనాగూడ పిల్ల, ఆయన దగ్గర పిహెచ్‌డి చేస్తోంది. కనకమ్మ పనివాళ్ళను పెట్టే ఏజెన్సీ పంపిన మనిషి. నేల తుడవడానికి వచ్చి, ఎలుకల పంజరాలు కడగడానికి మారి, ఎనిమిది నెలలుగా మెదళ్ళు కోస్తోంది. కోసేవాడు చెప్పకుండా మానేస్తే నాలుగు రోజులకని ఆమెను ఆ స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆమె చెయ్యి చూశాక లేపడానికి ఎవరికీ మనసు రాలేదు.

పలకల మీద గోరంత ముక్కలు వరసగా అతికి ఉన్నాయి. ఎలుక మెదడు అడుగున, మెడ వైపు దిగే భాగం నుంచి కోసిన పొరలవి. చదువుకున్నవాళ్ళు దాన్ని మెదడు కాండం అంటారు. కనకమ్మ మొదటి రోజే దానికి తొడిమ అని పేరు పెట్టేసింది. వంకాయకు లేదా తొడిమ, మెదడుకూ అలాగే అనుకుంది. ఆర్నెల్లు తిరక్కుండా అఖిల కూడా తొడిమ అనడం మొదలుపెట్టింది.

చెవి విన్నది మెదడుకు ఎక్కే దారి అందరికీ తెలిసిందే. సుబ్రహ్మణ్యం వెతికేది రెండో దారిని. తొడిమ నుంచి వెనక్కి చెవికి దిగే దారి అది. ఏ చప్పుడు గట్టిగా వినాలో, దేన్ని తగ్గించుకోవాలో మెదడు ఆ దారినే చెవికి చెప్పుకుంటుందట. ఎలుక ఎడమ చెవి లోపల ఒక రంగు ఎక్కిస్తే, ఆ రంగు నరాల వెంట పాకుతూ ఐదు రోజులకు తొడిమలోకి చేరుతుంది. అక్కడ ఆ చెవికి కబురు పంపే కణాలన్నీ నీలి వెలుగు కింద పసుపుగా మెరుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నల్లరేగడి చేలో మనుషులు దీపాలు పట్టుకుని నిలబడినట్టు తోచింది కనకమ్మకు. ఒక్క చెవి కోసం ఇంతమంది మేలుకుని ఉంటరా అని అఖిలను అడిగింది. ఆ రోజంతా ఏ చప్పుడు విన్నా, వెనక ఎవరో దీపం పట్టుకుని ఉన్నారనే అనిపించింది.

అసలు సంగతంతా ఆ దీపాలు తొడిమకు ఏ పక్కన ఉన్నాయన్నదే. కోసిన పొరను కుంచెతో ఎత్తి ఉప్పునీళ్ళలో వేస్తే అది తిరగబడుతుంది. బోర్లా పడిందో వెల్లకిలా పడిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అందుకని కోయకముందే తొడిమ ఎడమ పక్కన పొడుగునా సన్నని సూది దింపుతారు. ఆ బెజ్జం ప్రతి పొర మీదా మిగులుతుంది. బెజ్జం ఉన్నది ఎడమ. ఈ ఒక్క నమ్మకం మీదే మిగతాదంతా నడుస్తుంది.

మొదటి మూడు ఎలుకల పలకలు చూస్తున్నంతసేపూ సుబ్రహ్మణ్యం సన్నగా ఈల వేస్తూనే ఉన్నాడు. నాలుగో ఎలుక దగ్గర ఈల ఆగింది. ఐదోది చూశాడు, ఆరోది చూశాడు, మళ్ళీ నాలుగోది అడిగాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని లైటు వెయ్యమన్నాడు.

తొడిమలో దీపాలు రెండు రకాలు. చిన్న కణాలు రంగు వేసిన చెవి పక్కనే ఉంటాయి, అది లోకమంతా ఒప్పుకున్నదే. పెద్ద కణాలు ఎటుపక్క ఎన్ని ఉన్నాయన్నదే సుబ్రహ్మణ్యం రెండేళ్ళుగా లెక్కపెడుతున్నాడు. ఇప్పుడు మూడు ఎలుకల్లో చిన్న కణాలు బెజ్జం పక్కన ఉన్నాయి, మూడింట్లో బెజ్జానికి అవతలి పక్కన ఉన్నాయి. ఎడమేదో కుడేదో తెలియనప్పుడు పెద్దవాటి లెక్క ఎవడు నమ్ముతాడని ఆయన అఖిలతో అన్నాడు. అఖిల పెన్ను మూత పెట్టి తీసి పెట్టి తీసింది.

ఆయన కనకమ్మ వైపు తిరిగి ఆరింటికీ ఎడమ పక్కనే గుచ్చావా అని అడిగాడు. ఎడమకే గుచ్చిన సార్ అంది కనకమ్మ. ఆ మాట మీద ఆమెకు రవ్వంత అనుమానం కూడా లేదు. సుబ్రహ్మణ్యం అరిచే మనిషి కాదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, పిల్లవాడికి తప్పిన లెక్క చెప్పినంత మెల్లగా చెప్పాడు.

"మీవాళ్ళకి ఇలాంటి పని అబ్బదు కనకమ్మా. నీకు ఇచ్చినందుకు నాదే తప్పు."

తేడా వచ్చిన ఆ మూడు ఎలుకల పలకలూ పారేసే పెట్టెలో పెట్టమన్నాడు. దసరా పోయాక కోతకు కొత్త మనిషి వస్తాడని, అంతవరకు ఆమె పంజరాలు చూసుకుంటే చాలని చెప్పి వెళ్ళిపోయాడు. కనకమ్మ పలకలను నంబరు వరస తప్పకుండా సర్దింది. పారేసే పెట్టెలోకైనా వరస తప్పి పెట్టడం ఆమెకు చేతకాదు.

*

బస్సులు ఆగి రెండు వారాలు కావస్తోంది. రాయదుర్గం నుంచి మణికొండకు నడకే. ఇటూ అటూ అద్దాల మేడలు, మధ్యలో ఎప్పుడో గాని బండి రాని వెడల్పాటి రోడ్డు, దాని మీద ఎర్రని ఎండ. ఆ రోడ్డు మీద నడుస్తుంటే ఊరంతా ఒక్కసారిగా ఎటో లేచిపోయి తనొక్కతే మిగిలిపోయినట్టుండేది. రోజూ అది బాగానే ఉండేది. శనివారం మాత్రం ఆ ఖాళీలో ఒక మాట వెంటపడింది.

గేటు దాటేటప్పుడే యాదయ్య ఆపాడు. యాదయ్య అక్కడ సెక్యూరిటీ, ఆమెది పాలమూరులో ఏ మండలమో అతనిది దాని పక్క మండలం. చెల్లె అని పిలుస్తాడు. ఉద్యమం బిళ్ళ పెట్టుకోవద్దని కంపెనీవాళ్ళు అంటే, టోపీ లోపలి పక్కన గుచ్చుకుని తిరిగే మొండివాడు. కనకమ్మ ముఖం చూసి ఏందని అడిగాడు. ఆమె చెప్పింది. మొత్తం విని అతను మీవాళ్ళంటే ఎవలు అని ఒక్కటే అడిగాడు.

అదే తెలియక కనకమ్మ మణికొండ దాకా ఆలోచించింది. మీవాళ్ళంటే ఆడవాళ్ళా? కాదు, అఖిలను ఆయన ఎప్పుడూ అలా అనలేదు. పాలమూరువాళ్ళా, సమ్మె చేసే తెలంగాణవాళ్ళందరూనా? ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళా? ఏడో తరగతిలో బడి మానినవాళ్ళా? ఏది అనుకున్నా ఒకచోట గుచ్చుకుంది, ఏదీ కాదనుకుంటే అన్నిచోట్లా గుచ్చుకుంది. ఒక్కదాన్ని తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది. ఇంతమందిని వెంటేసుకుని ఎక్కడికని పోతుంది?

గేటు దగ్గర యాదయ్య అన్న ఇంకో మాట కూడా ఆమెతో వచ్చింది. నీ సూది తప్పకపోతే ఆయన సూదే తప్పి ఉంటది, కుడి చెవిల రంగు ఎక్కించి ఉంటడు అన్నాడతను. అది వినగానే కనకమ్మకు ప్రాణం లేచొచ్చింది. నిజమే, రంగు ఎక్కించింది ఆయనే కదా. ఆ చెవుల ఎముకలు ఇంకా ఉన్నాయి. ఎలుక ఎలుకకూ రెండు సీసాలు, ఎడమ, కుడి అని తన చేత్తోనే చీటీలు అంటించింది. దసరా తర్వాత వాటిని కాల్చేస్తారు.

*

ఎలుకలకు ఆదివారం లేదు కనుక కనకమ్మకూ లేదు. పొద్దున్నే వచ్చి పంజరాల కింద పొట్టు మార్చింది, నీళ్ళ సీసాలు మార్చింది. పగటిపూట ఎలుకలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతాయి. వాటి నిద్ర ఆ గదంతా వెచ్చగా పరుచుకుని ఉంటుంది. పంజరం చప్పుడైతే ఒకటి రెండు చెవులు మాత్రం కదులుతాయి, కళ్ళు తెరవవు. వచ్చింది కనకమ్మేనని లోపల ఎవరో చెవికి చెప్పేస్తారు కాబోలు అనుకుని ఆమె నవ్వుకుంది. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు.

పదకొండింటికి అఖిల వచ్చింది. కనకమ్మ చెవి ఎముకల సీసాల సంగతి చెప్పి చూద్దామంది. అఖిల వెంటనే ఒప్పుకోలేదు. సార్ తప్పని తేలితే ఆ సంగతి సార్‌కు తానే చెప్పాలి, ఆయన చేతిలో తన నాలుగేళ్ళ చదువుంది. పిల్లి మెడలో గంట కట్టమంటే ఏ ఎలుక ముందుకొస్తుందని తమాషాగా అంది గానీ ముఖం తమాషాగా లేదు. కనకమ్మ బతిమాలలేదు. పన్నెండు సీసాలూ ట్రేలో పెట్టుకొచ్చి బల్ల మీద ఉంచి నిలబడింది. కాసేపటికి అఖిల చేతులకు తొడుగులు వేసుకుంది.

మళ్ళీ అదే చీకటి గది, అదే నీలి వెలుగు. బఠాణీ గింజంత ఎముకను పట్టకారుతో పట్టి, పై పెంకు మెల్లగా ఒలిస్తే లోపల నత్తగుల్ల ఉంటుంది. ఎలుక విన్నదంతా అందులోంచే పోతుంది. రంగు ఎక్కించిన చెవి అయితే ఆ గుల్ల మొదట్లో పసుపు మరక మెరుస్తుంది. ఒకటో ఎలుక ఎడమ చెవి మెరిసింది, కుడిది చీకటి. రెండో ఎలుకదీ అంతే, మూడోదీ అంతే. అవి ఎలాగూ సరిగ్గా ఉన్నవే.

నాలుగోదాని కుడి చెవి ముందు పెట్టమంది కనకమ్మ. అఖిల పెంకు ఒలిచింది, వెలుగు సరిచేసింది, చాలాసేపు చూసింది. ఏమీ మెరవలేదు. ఎడమ చెవి పెట్టింది. పెట్టీ పెట్టగానే మైక్రోస్కోపులోంచి ఆమె కంటి కింద పసుపు వెలుగు పడింది. అఖిల నోటితో చెప్పకముందే అది కనకమ్మకు కనిపించింది. ఐదో ఎలుక, ఆరో ఎలుక కూడా చూశారు. ఆరింటికీ ఎడమ చెవే.

"సార్ సరిగ్గనే వేసిండక్కా," అంది అఖిల, చీకట్లోనే.

కనకమ్మ బయటికొచ్చి కోత గదిలోకి వెళ్ళింది. తన స్టూలు మీద కూర్చుంది. ముందు తెల్ల ట్రే, ట్రేలో మెదడు పెట్టే గుంట. ఆ ట్రే బల్లకు బిగించి ఉంటుంది, కదలదు. మెదడు ముక్కు, అంటే దాని ముందు కొన, ఎప్పుడూ అవతలి వైపే ఉండాలని మొదటి రోజే నేర్పారు. అప్పుడు దాని ఎడమ తన ఎడమే. కళ్ళు మూసుకుని ఉత్త చేత్తో సూది దింపినట్టు చేసింది. ఎడమే. మళ్ళీ చేసింది, మళ్ళీ ఎడమే. ఇక్కడ తప్పు ఎలా వస్తుంది?

కళ్ళు తెరిస్తే ఎదురుగా, బల్లకు అవతల, కిటికీ. దాని కింద ఇంకో స్టూలు.

పెత్రమాస, బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, ఆ నాటి సాయంత్రం ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆరు తొడిమలకూ సూది గుచ్చే పని ఆ రోజే. మూడు అయ్యాయి, కరెంటు పోయింది. బొగ్గు గనుల సమ్మెతో రోజూ పోతూనే ఉంది. జనరేటరు ఫ్రీజర్లకూ ఎలుకల గదికీ మాత్రమే. మిగిలిన మూడూ ఆరిపోతాయేమోనన్న తొందరలో వెలుగు కోసం ఆమె బల్ల చుట్టూ తిరిగి కిటికీ పక్క స్టూలు మీదికి మారింది. వెన్నుకు ఎండ తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే కింద రోడ్డు మీద ఆడవాళ్ళు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చి ఆడుతున్నారు. బండ్లు తిరగని రోడ్డు మధ్యలో తంగేడు పూలు, చుట్టూ నలభై మంది. కిటికీ అద్దం మూసి ఉంది, పాట వినిపించలేదు. చప్పట్లు కూడా వినిపించలేదు. చప్పుడు లేకుండా వంగుతున్నారు, లేస్తున్నారు, తిరుగుతున్నారు. ఆమె పెదవులు వాళ్ళ పాటను వాటంతట అవే అందుకున్నాయి. ఆ పాటలోనే ముందుకు తిరిగి మూడింటికీ సూది దింపింది. తన ఎడమ పక్కన. ముక్కు తన వైపు ఉన్న మెదడుకు అది కుడి.

కనకమ్మ లేచి కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని చూసింది. అవును. ఇంత సులువా అనిపించింది. ఎనిమిది నెలల్లో ఒక్క పొర చిరగనివ్వని చెయ్యి, కూర్చునే చోటు మారిందని గమనించలేదు. తిన్నగా, శుభ్రంగా, తప్పు పక్కన గుచ్చింది. వెనక్కి తిరిగి కిటికీలోంచి చూసింది. కింద రోడ్డు ఖాళీగా ఉంది.

*

సోమవారం తేలు కుట్టిన దొంగలా గడిచింది. అఖిల పొద్దున్నే పక్కకు పిలిచి, మనం చూసినట్టు ఎవరికీ తెలియదు అంది. తను చెప్పబోవడం లేదనీ, కనకమ్మ కూడా చెప్పనక్కర్లేదనీ, ఎముకలు ఎలాగూ వారం తిరిగేసరికి బూడిదవుతాయనీ అంది. ఆ పిల్ల మంచికే చెప్పింది. కనకమ్మ తలూపింది.

అసలు కష్టం గేటు దగ్గర ఎదురైంది. యాదయ్య ఆదివారమంతా ఊరుకోలేదు. నేలలు తుడిచేవాళ్ళు, తోటవాళ్ళు, కార్లు నడిపేవాళ్ళు, అందరినీ కలిసి పద్నాలుగు మందిని కూడగట్టాడు. మంగళవారం పొద్దున గేటు ముందు కూర్చుంటారు. గచ్చిబౌలి చౌరస్తాలో సమ్మె టెంటు వేసినవాళ్ళు కూడా వస్తామన్నారు. కాగితం రాయించాడు. చేయని తప్పుకు కనకమ్మను పని నుంచి తీసేశారని, తప్పు పెద్దసారుదేనని అందులో ఉంది. అతను చదివి వినిపిస్తుంటే కనకమ్మ తన పేరు వచ్చిన చోటల్లా ఇంకెవరి గురించో వింటున్నట్టు నిలబడింది.

"నువ్వేం మాట్లాడే పని లేదు చెల్లె. నా తప్పు లేదు అని ఒక్క ముక్క జెప్పు. మిగిలింది మేం చూస్కుంటం."

ఆమె ముందుకు నడిచింది. మింగలేక కక్కలేక అంటారే, అది. ఇంతమంది తన కోసం కూర్చోవడం ఆమె బతుకులో ఇదే మొదలు. చెన్నమ్మ ఆమెతో మణికొండలో ఒకే గదిలో ఉంటుంది, మేడలకు ఇటుకలు మోస్తుంది. ఆ చెన్నమ్మ కూడా ఆ రాత్రి తన వంతు కూర ఆమెకే వడ్డించి, రేపు నేనూ వస్త, నడుం వంచకు అంది. నిజం చెబితే వీళ్ళందరి ముఖం ఏమవుతుంది? మీవాళ్ళకి అబ్బదన్న మాటకు తానే సాక్ష్యం తీసుకొచ్చి ఇచ్చినట్టవుతుంది. చెప్పకపోతే తన స్టూలు తనకు మిగలవచ్చు. సారే తప్పు చేశాడన్న మాట మాత్రం ఊళ్ళో మిగిలిపోతుంది.

పారేసే పెట్టె కోత గది మూలనే ఉంది. అంతకుముందు సాయంత్రం ఊడుస్తూ కనకమ్మ దాని మూత తీసి, నాలుగో ఎలుక పలక ఒకటి వెలుతురుకు పట్టింది. ఏ దీపమూ కనబడలేదు, మామూలు వెలుతురులో కనబడవు. గోరంత ముక్కలు, వాటిలో సూది బెజ్జాలు. లోపల ఆ కణాలు ఎవరు ఎటు నిలబడాలో అటే నిలబడి ఉన్నాయి. వాటిదేమీ పొరపాటు లేదు. ఎడమ అన్న చోట కుడి అని చదివితే చాలు, మూడు ఎలుకలూ చెప్పాల్సింది చెబుతాయి. అంత పనికి ఒక్క మనిషి నోరు విప్పాలి. ఆమె పెట్టె మూయకుండా ఇంటికి పోయింది.

*

మంగళవారం పొద్దున పద్నాలుగు మంది అన్నవాళ్ళు ఇరవై దాటారు. గేటు ముందు గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. టెంటువాళ్ళు ఇద్దరు జెండాతో వచ్చి చెట్టు కింద నిలబడ్డారు. యాదయ్య డ్యూటీలో ఉన్నాడు కనుక కూర్చోలేదు, గేటు కర్ర పక్కనే నిలబడ్డాడు. ఆ రోజు మాత్రం బిళ్ళ టోపీ బయటికి పెట్టాడు.

తొమ్మిదిన్నరకు సుబ్రహ్మణ్యం తనే కారు నడుపుకుంటూ వచ్చి ఆగాడు. ఆయన దిగి అందరినీ చూసి, ఏం జరుగుతోందో అర్థం కాక అఖిల వైపు చూశాడు. స్కూటీ పక్కన నిలబడ్డ అఖిల తల దించుకుంది. యాదయ్య కాగితం ఆయన చేతికివ్వబోయి, ముందు కనకమ్మకు సైగ చేశాడు. కనకమ్మ లేచి ముందుకొచ్చింది. చీకటి గదిలో నడిచినట్టు నడిచింది.

"తప్పు నాదే సార్," అంది. "నాలుగు, ఐదు, ఆరు. కరెంటు పోతే కిటికీ దిక్కు కూసున్న. ముక్కు నా దిక్కున్నది చూస్కోలే. మూడిటికి కుడి పక్క గుచ్చిన. సీసాలల్ల చెవి బొక్కలు చూసిన, మీరు ఎడమ చెవిలనే ఎక్కించిండ్రు."

వెనక గోనెపట్టాల మీంచి ఒకరిద్దరు లేచారు. యాదయ్య చేతిలో కాగితం చేతిలోనే ఉంది. అతను ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. చెన్నమ్మ లేచి చీర దులుపుకుంది. వాళ్ళ వైపు చూసే ధైర్యం కనకమ్మకు లేదు.

సుబ్రహ్మణ్యం ముఖం మాత్రం చూస్తుండగానే వెలిగింది. మూడింటికీనా, కచ్చితంగా మూడింటికీ ఒకే పక్కనా అని రెండుసార్లు అడిగాడు. ఔను సార్ అంది. ఆయన అఖిల వైపు తిరిగి ఆ పలకలు పారేశారా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయనగానే, మూడు ఎలుకలూ బతికినంత సంతోషంతో కారు తలుపు కూడా వెయ్యకుండా గేటు వైపు పెద్ద పెద్ద అడుగులు వేశాడు. రెండేళ్ళ లెక్క ఆయనకు తిరిగొచ్చింది. ఆ నడకలో ఇక ఇంకెవరూ లేరు.

"సార్, ఇంకో మాటున్నది," అంది కనకమ్మ.

ఆయనకు వినబడలేదు. గట్టిగా మళ్ళీ అంది. ఆయన అఖిలతో పెద్ద కణాల సంగతి మాట్లాడుతూనే గేటు దాకా వెళ్ళాడు.

గేటు కర్ర ఆయన ముందు దిగింది.

"జర ఆగుండ్రి సార్," అన్నాడు యాదయ్య. "ఆమె మాట ఇంకా కాలే."

అతని గొంతులో కోపం ఉంది. అది కనకమ్మ మీద కూడా ఉందని ఆమెకు తెలుసు. అయినా కర్ర మీంచి అతను చెయ్యి తియ్యలేదు. సుబ్రహ్మణ్యం వెనక్కి తిరిగాడు.

"మూడు ఎలుకలకాడ చెయ్యి తప్పింది నాది," అంది కనకమ్మ. "దానికి నన్ను ఎన్నన్నా పడ్త. మీరు మీవాళ్ళు అన్నరు. మావాళ్ళెవ్వరు ఆ సూది పట్టలే సార్."

"నేనెప్పుడన్నాను?" అన్నాడాయన. బుకాయించడం కాదది, ఆయనకు నిజంగానే గుర్తులేదు. మూడు రోజులు ఆమెను నిద్రపోనివ్వని మాట ఆయన చెవిని తాకను కూడా తాకలేదు.

అందుకని కనకమ్మ ఆ మాట చెప్పాల్సి వచ్చింది. మీవాళ్ళకి ఇలాంటి పని అబ్బదు కనకమ్మా, నీకు ఇచ్చినందుకు నాదే తప్పు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఆయన సాగదీసినచోట సాగదీసి, ఆయన అన్నంత మెల్లగానే చెప్పింది. గోనెపట్టాల మీదివాళ్ళలో చాలామంది ఆ మాట ఉన్నదున్నట్టు వినడం అప్పుడే. లేచినవాళ్ళు నిలబడిపోయారు.

సుబ్రహ్మణ్యం అఖిల వైపు చూశాడు. ఆ చూపు లేదని చెప్పమని అడగలేదు, ఔనని చెప్పమనీ అడగలేదు. అఖిల స్కూటీ తాళం చెవి గుప్పిట్లో బిగించింది.

"అన్నారు సార్," అంది.

ఆయన కళ్ళజోడు తీశాడు, తుడవలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ ఇరవై మందిని ఒక్కొక్కరినే చూశాడు. రోజూ తను దాటి వెళ్ళే ముఖాలే అవి. తోటమాలి, లిఫ్టు తుడిచే ఆమె, తన కారు నడిపే మనిషి. ఆఖరికి కనకమ్మ దగ్గర ఆగాడు.

"అన్నానండి," అన్నాడు. "అనకూడని మాట. తప్పయింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టెంటు నుంచి వచ్చినవాళ్ళలో ఒకతను జెండాను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. యాదయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, గేటు కర్ర ఎత్తాడు. సుబ్రహ్మణ్యం కదల్లేదు, పక్కకు జరిగి నిలబడ్డాడు. కోత బల్ల ముందు స్టూలు రేపు ఎవరిదో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఎలుకలకు నీళ్ళు మార్చే వేళ అరగంట దాటిపోయింది. కనకమ్మ అందరికన్నా ముందు లోపలికి నడిచింది.